‘ప’ అన్నా ‘బ’ అన్నా గొంతు అదురుతూనే ఉంది, మరి వాయిస్డ్, వాయిస్‌లెస్ తేడా ఎట్లా పట్టుకోవాలి?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు పెద్ద ప్రశ్న రాశాడు. కుదించి చెప్తే ఇదీ సంగతి. ఇంగ్లిష్ హల్లుల్లో కొన్నింటికి గొంతు మోగుతుంది, అవి వాయిస్డ్, కొన్నింటికి మోగదు, అవి వాయిస్‌లెస్ అని వీడియోల్లో చెప్తున్నారు. గొంతు మీద వేళ్లు పెట్టుకుని ప, బ, స, జ అని చూస్తే అన్నింటికీ అదురుతోంది. హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో ‘ధర’ అనే ప్రైస్, ‘బహుమతి’ అనే ప్రైజ్ రెండూ నీ నోట ఒక్కతీరుగనే ఉన్నయని తిప్పి పంపారు. ‘నా నాలుక మందమా సార్? రెండు నెలల్లో బాగవుతదా? వేలు పోసి యాక్సెంట్ కోర్సులో చేరాల్నా?’ అని అడిగాడు.

తమ్మీ, నీ నాలుక మందం కాదు. వేళ్లు కూడా సరైన చోటే పెట్టావు. నోటితో అన్న మాటలోనే పొరపాటు జరిగింది. నువ్వు ‘ప’ అన్నావు. అందులో ప్ ఒక్కటే లేదు, దాని వెనక అ ఉంది. అచ్చు ఏదైనా గొంతు మోగకుండా పుట్టదు. నీ వేళ్లకు తగిలిన అదురు ఆ అ-ది. ‘స’ అన్నా అంతే, ‘క’ అన్నా అంతే. పొల్లు చేసి పలికి చూడు. స్‌స్‌స్‌స్ అని కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఐదు సెకన్లు లాగు. గొంతు మీద చీమ నడిచినంత కదలిక కూడా ఉండదు. ఆ గాలి ఆపకుండా, నాలుక కదపకుండా, లోపల చిన్నగా మూలుగు కలుపు. ఇప్పుడు దోమ చెవి దగ్గర తిరిగినట్టు ఒక మోత వస్తుంది, వేళ్ల కింద జుమ్మంటుంది. అదే ప్రైజ్ చివర ఉండాల్సిన శబ్దం. నువ్వు వేలు పోసి నేర్చుకోవాలనుకున్నదాంట్లో సగం ఇదే.

ఇంకో పరీక్ష ఉంది. వేళ్లకు సరిగ్గా తెలియకపోతే రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని అదే చెయ్యి. గొంతు మోగితే తలంతా హోరుమంటుంది. క్లాసులో నలభై మంది చెవులు మూసుకుని బుస్సుమంటుంటే పక్క క్లాసు సార్లు వచ్చి తొంగిచూసిన రోజులున్నాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా నల్గొండ, కల్వకుర్తి, జడ్చర్ల వైపు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పాను. నేనూ తెలుగు మీడియమే. పదో తరగతి దాకా ఇంగ్లిష్‌ను కళ్లతో చదివానే గాని చెవులతో వినలేదు. ఈ అదురు సంగతి నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక, హైదరాబాద్‌లో ఒక శిక్షణకు వెళ్లినప్పుడు. శిక్షణ ఇచ్చిన చోటును అప్పుడు సీఫెల్ అనేవాళ్లు, ఇప్పుడు ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో పెట్టిన సంస్థ.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తుంది. గొంతులో, మగవాళ్లకు ముడిలా కనిపించే చోట, రెండు సన్నని మడతలుంటాయి. స్వరతంత్రులు అంటారు. అవి దూరంగా జరిగి ఉంటే గాలి చప్పుడు లేకుండా పోతుంది. దగ్గరకు వస్తే గాలికి కొట్టుకుని అదురుతాయి, మగవాళ్లలో సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు, ఆపైన. ఆ తర్వాత నోట్లో నాలుక, పెదవులు, పళ్లు గాలిని ఎక్కడ ఆపుతాయి, ఎట్లా వదులుతాయి అనేది రెండో పని. ఈ రెండు పనులూ వేరువేరు. నోరు ఒకే స్థితిలో ఉండగా గొంతు మోగిస్తే ఒక హల్లు, మోగించకపోతే ఇంకో హల్లు.

ఇది మనకు కొత్తేం కాదు. తెలుగు వ్యాకరణంలో కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు అని బట్టీ కొట్టలేదా? ఆ తేడా ఇదే. వాక్, ఈశుడు కలిస్తే వాగీశుడు ఎందుకైంది? జగత్, ఈశుడు కలిస్తే జగదీశుడు ఎందుకైంది? పక్కన మోగే శబ్దం ఉంది కాబట్టి మోగని క్ కూడా మోగి గ్ అయింది. జశ్త్వసంధి అని పేరు రాసి మార్కులు తెచ్చుకున్నాం, గొంతు మీద వేలు పెట్టి మాత్రం ఎవరూ చూపించలేదు.

ఇంగ్లిష్‌లో అక్షరాలు 26 గాని, హల్లు శబ్దాలు 24. అందులో 16 శబ్దాలు ఎనిమిది జంటలుగా ఉంటాయి. ప్-బ్, ట్-డ్, క్-గ్, చ్-జ్ మనకు తెలిసినవే. మిగిలిన నాలుగు జంటల్లోనే మనోళ్లు తడబడతారు: ఫ్ దాని జత వి, స్ దాని జత దోమ మోత, ష్ దాని జతగా మెజర్ మధ్యలోని శబ్దం, థింక్‌లోని థ్ దాని జతగా దిస్‌లోని ద్. జతలేని ఎనిమిదింటిలో హ్ ఒక్కదానికే గొంతు మోగదు. మ్, న్, కింగ్ చివరి ఙ్, ల్, ర్, య్, డబ్ల్యూ శబ్దం ఏడూ మోగేవే. మొత్తం లెక్క మోగేవి 15, మోగనివి 9. లెక్క బట్టీ కొట్టకు, ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు.

ఇప్పుడు నీ ప్రైస్, ప్రైజ్ దగ్గరికి వద్దాం. తెలుగులో ఈ దోమ మోత విడిగా లేదు. మన జ-లో నాలుక ఒకసారి అంగిలికి గట్టిగా తగిలి విడుస్తుంది. అందుకే ‘జూ’ అన్నా ‘జీరో’ అన్నా మొదట ఒక దెబ్బ వినిపిస్తుంది. ఆ దెబ్బ ఉండకూడదు. ఇక్కడ మన తెలంగాణోళ్లకు ఒక లాభం ఉంది. ‘జర ఆగు’ అనేటప్పుడు మనం జెండాలోని జ పలకం, పళ్ల దగ్గరగా పలికే ఇంకో జ పలుకుతాం. పాత పుస్తకాల్లో దాని మీద చిన్న రెండు అంకె లాంటి గుర్తు పెట్టేవాళ్లు. ఆ జర-లోంచి నాలుక తగిలే దెబ్బ తీసేసి, గాలిని సన్నగా జారనియ్యి. వచ్చేస్తుంది. ఉర్దూ వచ్చిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పనే అక్కర్లేదు. బజార్, జిందగీ, జమీన్ వాళ్ల నోట సాఫ్‌గా వస్తాయి. ఆ ‘సాఫ్’ చివరి ఫ్ కూడా అంతే.

నల్గొండలో ఒక ఏడు నా దగ్గర ఇద్దరు పిల్లలుండేవాళ్లు. ఒకడు ఉర్దూ మీడియం, ఇంకొకడు మునుగోడు వైపు తెలుగు మీడియం. మొదటివాడికి జీరో, ప్రైజ్ నీళ్లు తాగినంత సులువు గాని, స్కూల్‌ను ఇస్కూల్ అని, స్టేషన్‌ను ఇస్టేషన్ అని అనేవాడు. రెండోవాడు స్కూల్ బాగానే అని జీరో దగ్గర ఆగిపోయేవాడు. ఇద్దరినీ ఒకే బెంచీలో కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోండి అన్నాను. నెల తిరిగేసరికి ఇద్దరికీ కుదిరింది. నేను చేసిందేం లేదు.

పాలమూరు నుంచి ఒక నర్సమ్మ వచ్చేది, విదేశాల పరీక్షకు చదువుకుంటూ. ఆమె చిక్కు నీ చిక్కే. మంచుగడ్డ ఐస్, కళ్లు ఐస్. తెలుగులో రెండూ ఒక్కతీరుగనే రాస్తాం, ఒక్కతీరుగనే చదువుతాం. ‘సార్, పేషెంటు ఐస్‌లో చుక్కలు వేశాను అంటే వాళ్లు ఫ్రిజ్ వైపు చూస్తరా?’ అని నవ్వేది. ఆమెకు గొంతు మోగించడం వారంలో వచ్చింది గాని, మాట్లాడుతుంటే మళ్లీ పోయేది. అప్పుడు చెప్పిన కిటుకే నీకూ చెప్తున్నా, జాగ్రత్తగా పట్టుకో.

చివరి హల్లు కంటే ముందున్న అచ్చును చూడు. ఇంగ్లిష్ వాళ్లు కూడా మాట చివర గొంతును పూర్తిగా మోగించరు, సగంలో వదిలేస్తారు. మరి వినేవాడికి తేడా ఎట్లా తెలుస్తుంది? మోగే హల్లు ముందు అచ్చు సాగుతుంది, మోగని హల్లు ముందు టక్కున తెగుతుంది. మంచుగడ్డ ఐస్‌లో ‘ఐ’ కురచ, కళ్ల ఐస్‌లో ‘ఐ’ పొడుగు. బ్యాక్‌లో కురచ, బ్యాగ్‌లో పొడుగు. రైట్, రైడ్. క్యాప్, క్యాబ్. సేఫ్, సేవ్. నర్సమ్మ అచ్చు సాగదీయడం మొదలుపెట్టాక చివర కాస్త తప్పినా ఎదుటివాళ్లు అడ్డం అడగలేదు. నీ ప్రైజ్‌కూ ఇదే మందు: ప్రై ని సాగదీసి చివర దోమ మోత చిన్నగా తగిలించు.

ఇది మనకెందుకు కష్టమంటే తెలుగుకు పొల్లు అంటే పడదు. సున్నాతో ముగిసేవి వదిలేస్తే, మాట చివర దాదాపు ఎప్పుడూ అచ్చు ఉండాల్సిందే. బస్సు, రోడ్డు, పెన్ను, బ్యాగు. మా అమ్మ ‘బ్యాగు’ అన్నప్పుడు గ్ ఎంతో స్పష్టంగా వినిపించేది, వెనక ఉ ఆసరా ఉంది కాబట్టి. మనం చదువుకుని, ఉ తీసేసి నాగరికంగా ‘బ్యాగ్’ అంటాం. ఆసరా పోయింది, అచ్చు సాగదీయడం రాదు, గ్ కాస్తా క్ అయిపోయింది. చదువుకోనామె మాటే అర్థమయ్యేలా ఉంది, మనదే లేదు.

ఇక మాట మొదట్లో కథ వేరు. ప్, ట్, క్ మాట మొదట వచ్చి, ఆ చోట ఊనిక ఉంటే ఇంగ్లిష్‌లో గాలి ఫూమని బయటికొస్తుంది. గుండుసూది పిన్‌ను వాళ్లు దాదాపు ప్‌హిన్ అంటారు, ఒత్తు పలికినట్టు. మన ప-లో ఆ గాలి లేదు. వాళ్ల చెవికి గాలి లేని ప్ బ్‌లా తగులుతుంది. శిక్షణలో మా నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టారు. మా మాస్టారు పిన్ అంటే కాగితం ఎగిరింది, నేనంటే గుళ్లో ధ్వజస్తంభంలా నిలబడింది.

దాని ఫలితం శిక్షణకు ముందే అనుభవించాను. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కే చోటు ఎక్కడని ఒక విదేశీ జంట అడిగారు. పుస్తకంలో చదివిన మాట వాడాలన్న ఉబలాటం కొద్దీ ‘పియర్ దగ్గరికి వెళ్లండి’ అన్నాను, రేవు అన్న అర్థంలో. ఆయన నవ్వి, ఇంత పొద్దున్నే వద్దు అన్నాడు. ఆయనకు బీరు వినిపించింది. ఎందుకు నవ్వాడో నాకు తెలిసింది రెండేళ్ల తర్వాత, ఆ కాగితం ముక్క ముందు నిలబడ్డప్పుడు.

అయితే స్ వెనక వచ్చే ప్, ట్, క్‌లకు గాలి వద్దు. స్పిన్, స్టాప్, స్కై మనం పలికినట్టే సరి. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో అక్కడ కూడా ఊదేవాళ్లున్నారు.

ఇంకో మాట: ప్-బ్ లాంటి వాటికి వేళ్ల పరీక్ష మీద ఎక్కువ ఆధారపడకు. బ్ అనడానికి పెదవులు మూస్తే గాలికి పోయే దారి లేదు, గొంతు ఒక్క క్షణం మోగి ఆగిపోతుంది. అందుకే పొల్లు చేసి పలికినా వాటి తేడా వేళ్లకు సరిగ్గా దొరకదు. స్, ఫ్, ష్ లాంటి సాగదీయగలిగే వాటితో మొదలుపెట్టు.

వి, డబ్ల్యూల సంగతి. మనకున్నది ఒకే వ, అది రెండింటికీ మధ్యలో ఉంటుంది. ద్రాక్ష తీగా వైనే, దాని రసం సీసాలో పోస్తే అదీ వైనే. వి-కి పై పళ్లు కింది పెదవి మీద ఆనాలి, ఫ్ అనేటప్పుడు పెట్టినట్టే. అట్లా పెట్టి గొంతు మోగిస్తే పెదవికి చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. డబ్ల్యూకి పళ్ల పనే లేదు. వేడి చాయ్ ఊదుతున్నట్టు పెదవులు గుండ్రంగా చుట్టి, ఉ-తో మొదలుపెట్టి జారిపో. అద్దం ముందు చెయ్యి. పళ్లు కనిపిస్తే వి, పెదవులు చుట్టుకుంటే డబ్ల్యూ. చెవికంటే కంటితో త్వరగా వస్తుంది.

మెజర్, ప్లెజర్, విజన్‌లలో ఉన్న శబ్దానికి మన లిపిలో అక్షరమే లేదు. ఏడ్చే పిల్లను ‘ష్‌ష్’ అని ఊరుకోబెడతామే, దానికి గొంతు కలిపితే అదే. థింక్, దిస్‌లకు నాలుక కొసను పై పళ్ల అంచుకు మెత్తగా ఆనించి గాలి పోనివ్వాలి. రాకపోతే మన త, ద-లతో కానిచ్చెయ్. ఐర్లండ్‌లో చాలామంది ఇంగ్లిష్ తల్లిభాషగా ఉండి కూడా అట్లాగే అంటారు. ట, డ-లకు నాలుకను మనంత వెనక్కి మడవకుండా పై పళ్ల వెనక చిగుళ్ల గట్టుకు తాకించాలి. ఇది కూడా తీరికగా చూసుకోవచ్చు, దీనివల్ల ఎవరికీ అర్థం మారదు.

ఎస్, ఈడీ చివరలు మాత్రం వదలకు. ఎస్ అని రాసిందంతా స్ కాదు. క్యాట్స్‌లో స్, ఎందుకంటే దాని ముందున్న ట్ మోగదు. డాగ్స్‌లో గ్ మోగుతుంది కాబట్టి ఎస్ కూడా మోగి దోమ మోత అవుతుంది. జశ్త్వసంధిలో వెనకది ముందుదాన్ని మోగిస్తే, ఇక్కడ ముందున్నది వెనకదాన్ని మోగిస్తుంది. ఈడీ కూడా అంతే. ప్లేడ్‌లో డ్, వర్క్ట్‌లో ట్. వర్కెడ్, స్టాపెడ్ అని లేని అచ్చు పలకడం కళ్లతో చదివిన ఇంగ్లిష్ గుర్తు. ట్, డ్ తర్వాత వస్తేనే ఇడ్: వాంటిడ్, నీడిడ్. ఈజ్, వాజ్, హ్యాజ్ అన్నింటి చివరా దోమ మోతే. ఆఫ్ అని చదివే ‘ఓ, ఎఫ్’ మాట చివర ఎఫ్ రాసి ఉన్నా పలికేది వి. రోజుకు వందసార్లు వాడే మాటలివి, ఇక్కడ సరిచేసుకుంటే అన్నిచోట్లా తేడా తెలుస్తుంది.

లేని హల్లు చేర్చడం మన ఇంకో అలవాటు. ఎనిమిదిని యెయిట్ అని, పాతదాన్ని వోల్డ్ అని అంటాం. ఎమ్మెల్యేను యమ్మెల్యే అన్నట్టు. చెవికీ ఏడాదికీ ఇంగ్లిష్‌లో ఉన్న తేడా ఆ య్ ఒక్కటే. అన్నింటికీ య్ చేరిస్తే రెండూ యియర్ అయిపోతాయి.

కోర్సు గురించి అడిగావు. అమెరికా యాస నేర్పుతామని వేలు తీసుకునే చోట మొదటి నెలంతా ర్‌ను నోట్లో చుట్టడం నేర్పుతారు. నీకు అది అక్కర్లేదు. నీ మాట తెలుగువాడి మాటలా వినిపిస్తే తప్పేం లేదు. ఒక మాట ఇంకో మాటలా వినిపిస్తేనే తప్పు. ఫీజు కట్టేముందు అక్కడి సారును బ్యాక్, బ్యాగ్ తేడా ఎక్కడుందో అడుగు. జవాబు చెప్పకుండా అద్దాల గది చూపిస్తే తిరిగొచ్చెయ్. తెలుగులో కూడా స, ర లాంటివి చిన్నప్పటి నుంచి తిరగనివాళ్లు ఉంటారు. వాళ్లు నాలాంటి మాస్టర్ల దగ్గరికి కాకుండా స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి. నీది ఆ సమస్య కాదు.

రెండు నెలలు సరిపోతాయి, రోజూ పదిహేను నిమిషాలు కూర్చుంటే. మొదటి వారం ఒట్టి పొల్లులే: స్ నుంచి దాని జతకు, ఫ్ నుంచి వి-కి, ష్ నుంచి దాని జతకు, గాలి ఆపకుండా గొంతు వేస్తూ తీస్తూ, బోరు మోటరు స్టార్టర్ నొక్కినట్టు. తర్వాత జంట మాటలు. రోజుకు నాలుగు జంటలు చాలు. మూడో వారం నుంచి వాక్యాలు. గుసగుసగా మాత్రం సాధన చేయకు. గుసగుసలో గొంతు అసలు మోగదు, పక్కవాళ్లు నవ్వుతారని మెల్లగా అంటే పని జరగదు. పొలం గట్టు మీదికి పో, గట్టిగా అను.

ఫోన్‌లో మంచుగడ్డ ఐస్, కళ్ల ఐస్ కలగాపులగంగా పదిసార్లు రికార్డు చేసి, ఏది ఏదో కాగితం మీద రాసి దాచుకో. ఇంట్లో ఎవరికైనా వినిపించి, పొడుగ్గా ఉన్నవి ఎన్ని, కురచవి ఎన్ని అని అడుగు. ఇంగ్లిష్ రానివాళ్లయితే ఇంకా మంచిది, వాళ్లు చెవితోనే చెప్తారు. పదింటికి ఎనిమిది సరిపోతే బ్యాక్, బ్యాగ్‌కు పో. సరిపోకపోతే ఆ రికార్డు ఇక్కడ పెట్టు, ఎక్కడ తెగుతోందో విని చెప్తాను.